పద్యానికి అర్థం చెప్పేముందు ఆ ‘అధిప’ ఎవరో చూడండి

ఇంటర్ పిల్లలకు తెలుగు చెబుతాను. సందర్భసహిత వ్యాఖ్య అనే ప్రశ్న మీకు గుర్తుండే ఉంటుంది. ఒక పంక్తి ఇస్తారు. అది ఏ కావ్యంలోది, ఎవరు ఎవరితో ఎప్పుడు అన్నారు, భావమేమిటి అన్నవి రాయాలి. పేపర్లు దిద్దుతుంటే మొదటి వాక్యం అందరిదీ ఒకటే: ‘ఈ వాక్యము ఫలానా మహాకవి రచించిన ఫలానా కావ్యము నుండి గ్రహింపబడినది.’ గైడులోంచి దిగిన వాక్యం. సందర్భం దగ్గరికి వచ్చేసరికి బండి ఆగిపోతుంది. ‘కవి ఈ సందర్భమును చక్కగా వర్ణించెను’ అని ఒక ముక్క పడేసి భావంలోకి దూకేస్తారు. పిల్లల్ని అనడమెందుకులెండి, సభల్లో వక్తలూ, పొద్దున్నే వాట్సాప్‌లో సుభాషితం పంపే మన చుట్టాలూ చేసేది కూడా ఇదే.

నేను క్లాసులో చెప్పేది దీనికి తిరగేసి ఉంటుంది. భావం ఆఖర్న చూద్దాం, ముందు మాట్లాడేదెవరో, వినేదెవరో పట్టుకోండి అంటాను. ఆ ఆనవాలు చాలాసార్లు పద్యంలోనే దొరుకుతుంది. ‘నరేంద్రా’, ‘భార్గవా’, ‘అధిపా’ అని ఎక్కడో ఒక పిలుపు ఉంటుంది, ఎక్కువగా చివర్న. గణాలు నింపడానికి వేసిందేలే అని దాన్ని వదిలేస్తారు. గణాల కోసమే వేశాడనుకున్నా అడ్రస్ మాత్రం అందులోనే ఉంది.

ఒక పద్యం పెట్టుకుని చూద్దాం. పోతన భాగవతం, అష్టమ స్కంధం:

వారిజాక్షులందు వైవాహికములందుఁ
బ్రాణవిత్తమానభంగమందుఁ
జకిత గోకులాగ్రజన్మ రక్షణమందు
బొంకవచ్చు నఘముఁ బొందదధిప!

మా బంధువుల్లో సంబంధాలు కుదిర్చే పెద్దాయన ఒకరున్నారు. పెళ్లికొడుకు జీతం కొంచెం పెంచి చెప్పాల్సి వచ్చినప్పుడల్లా ఈ పద్యం ఎత్తుకుంటారు. పైగా ‘భాగవతంలోనే ఉందిరా అబ్బాయ్’ అని ముక్తాయింపు. వంద అబద్ధాలాడైనా ఒక పెళ్లి చెయ్యాలన్న సామెత ఎలాగూ తోడుంది.

సరే, పద్యం విప్పుదాం. మొదట సంధులు విడదీయాలి. పిల్లలు తడబడేది సరళాదేశాల దగ్గర. ‘బ్రాణ’ అని నిఘంటువులో వెతికితే ఏమీ దొరకదు, అది ప్రాణం. ‘జకిత’ అంటే చకిత, భయపడిన అని. పాత పద్యంలో మాట మొదట గ, జ, ద, బ కనబడి అర్థం కాకపోతే క, చ, త, ప పెట్టి వెతకండి. సగం టెన్షన్ అక్కడే పోతుంది. ఆంధ్రభారతి సైట్‌లో పాత నిఘంటువులన్నీ ఒకేచోట వెతుక్కోవచ్చు. ఇక మూడో పాదంలో సమాసాన్ని ఎక్కడ విరవాలో చూసుకోవాలి. ‘గోకులంలో ముందు పుట్టినవాడు’ అని రాసి బలరాముణ్ణి లాక్కొచ్చే పేపర్లుంటాయి. అది గోకుల, అగ్రజన్మ. ఆవుల మంద, బ్రాహ్మణుడు. అన్నీ కలిపితే: ఆడవాళ్ల విషయంలో, పెళ్లిళ్లలో, ప్రాణానికో డబ్బుకో పరువుకో ముప్పు వచ్చినప్పుడు, బెదిరిన గోవుల్నీ బ్రాహ్మణుల్నీ కాపాడేటప్పుడు అబద్ధమాడవచ్చు, పాపం అంటదు రాజా.

మా పెద్దాయన ఇక్కడితో పుస్తకం మూసేస్తారు. మనకు ఆ రాజు ఎవరో కావాలి. భారత భాగవతాలు చంపువులు, పద్యాల మధ్య వచనం ఉంటుంది. మీ పద్యం నుంచి పైకి వెళ్లండి, ‘ఇట్లనియె’ అన్న మాట తగిలేదాకా. తరవాత కిందికి రండి, ‘అనిన’ అనో ‘అని పలికిన’ అనో వచ్చేదాకా. ఆ రెంటి మధ్యా ఉన్నదంతా ఒకే మనిషి గొంతు. ఇక్కడ ఆ గొంతు శుక్రాచార్యుడిది, అధిపుడు బలి చక్రవర్తి. వామనుడు మూడడుగులు అడిగాడు, బలి సరేనన్నాడు. వచ్చినవాడు విష్ణువని గురువు గుర్తుపట్టాడు. ‘వలదీ దానము గీనము’ అని శిష్యుణ్ణి ఆపాలని చూస్తున్నాడు. ఆ ప్రయత్నంలో వచ్చిన పద్యం ఇది.

ఇప్పుడు మళ్లీ చదవండి. బలికి పెళ్లి గొడవేమీ లేదు, గోవుల్ని కాపాడే పనీ లేదు. అతని కేసుకు పనికొచ్చేది రెండో పాదం ఒక్కటే: ప్రాణం, విత్తం, మానం. శుక్రుడికి కావలసిందీ అదే. మిగతావి దాని చుట్టూ పేర్చాడు, అందరూ ఔననే నాలుగు మాటల మధ్య తన మాటా చెల్లిపోవాలని. ఇది నా అన్వయం, కాదనేవాళ్లు ఉండొచ్చు. నాకు మాత్రం ఇది తెలివైన వకీలు మాట్లాడినట్టే వినిపిస్తుంది.

కిందికి దిగితే ఇంకా బాగుంటుంది. బలి ఒక్క క్షణం కళ్లు మూసుకుని ‘నిజమానతిచ్చితి నీవు మహాత్మక’ అని మొదలుపెడతాడు. మీరన్నది నిజమే, గృహస్థధర్మం ఇదేనంటాడు. గురువును తప్పుపట్టడు. ఆ తరవాత ‘కారే రాజులు రాజ్యముల్ గలుగవే’ అని అందుకుంటాడు. రాజులు లేరా, రాజ్యాలు ఏలలేదా, సిరి మూటకట్టుకుని పోగలిగారా? శిబి లాంటివాళ్లను జనం ఈనాటికీ మరిచిపోలేదు కదా, భార్గవా? చూశారా, పిలుపు మారింది. ఇప్పుడు వినేవాడు శుక్రుడు. ఆఖరికి ‘తిరుగన్ నేరదు నాదు జిహ్వ’ అని తేల్చేస్తాడు. శుక్రుడు శపించినా వెనక్కి తగ్గడు. అంటే మా పెద్దాయన వల్లించే పద్యం భాగవతంలో ఉన్నమాట నిజమే. దాన్ని విన్నవాడు ఔనని కూడా పాటించలేదన్నదీ అదే భాగవతంలో ఉంది.

ఇదే పద్ధతి నన్నయకు పెట్టి చూడండి. ‘గతకాలము మేలు వచ్చు కాలముకంటెన్’ అన్న పాదం పాత స్కూలు ఫోటోల కింద తరచూ కనిపిస్తుంది, ఆ రోజులే వేరబ్బా అన్న అర్థంలో. ఆదిపర్వంలో పాండురాజు పోయిన తరవాత వ్యాసుడు తల్లి సత్యవతితో అన్నమాట అది. వెనక్కి చూసి మురవడం అందులో లేదు. ముందు రాబోయే కురువంశ వినాశం కనబడి, అది కళ్లారా చూడకుండా తపోవనానికి వెళ్లిపోమ్మా అని చెప్పడం ఉంది. ఫోటోల కింద పెట్టుకోవాలనుకుంటే మీ ఇష్టం, నేనైతే పెట్టను.

వచన రచనలకూ ఇంతే. ‘డామిట్, కథ అడ్డంగా తిరిగింది’ గిరీశం మాట. గిరీశం నోట్లోంచి వచ్చిన ప్రతి చమత్కారాన్నీ గురజాడ అభిప్రాయంగా రాసేవాళ్లు ‘కన్యాశుల్కం’ నాటకం కనీసం ఒక అంకం చదివితే మానేస్తారు. ‘దేశమంటే మట్టికాదోయ్, దేశమంటే మనుషులోయ్’ మాత్రం కవి సొంత గొంతే. కానీ దానికి ముందున్న పాదాలు కూడా కలిపి చదవాలి: ‘సొంత లాభం కొంత మానుకు పొరుగువాడికి తోడుపడవోయ్’. మనుషులంటే ఎవరో అక్కడ తేలుతుంది, పక్కింటివాడు. పూర్తిగా త్యాగం చెయ్యమనలేదు, ‘కొంత’ అన్నాడు. వేదికల మీద ఈ పాదాలు ఎక్కువ వినబడవు.

శతకాలకు సందర్భం ఉండదు. సుమతీ అన్నా, వేమా అన్నా అది మకుటం, దాన్నుంచి ఏ కథా రాదు. అక్కడ ఉపమానాన్ని పట్టుకోవాలి. ఉప్పు, కర్పూరం ఒకేలా ఉంటాయని రాసి ఆపేస్తే సగమే రాసినట్టు. ‘చూడ చూడ’ అన్నాడు వేమన. ఒక్క చూపుకు తేలదు, పరీక్షించగా పరీక్షించగా తెలుస్తుందని రాయాలి.

ఇక ‘వారిజాక్షులందు’ పద్యానికి నేను పూర్తి మార్కులు వేసే జవాబు ఇలా ఉంటుంది:

‘ఈ మాటలు పోతన భాగవతం, అష్టమ స్కంధంలో శుక్రాచార్యుడు బలి చక్రవర్తితో అన్నవి. మూడడుగుల నేల అడిగిన వామనుడు విష్ణువని గుర్తించి, దానం మానుకొమ్మని శిష్యుణ్ణి ఒప్పించబోతూ ఇలా అన్నాడు. స్త్రీల విషయంలో, వివాహాల్లో, ప్రాణవిత్తమానాలకు భంగం కలిగేటప్పుడు, గోబ్రాహ్మణులను రక్షించేటప్పుడు అసత్యమాడినా పాపం లేదని భావం. బలి దీన్ని గృహస్థధర్మంగా ఒప్పుకుంటూనే మాట తప్పనన్నాడు కనుక, ఇది కథలో నిలిచిన ధర్మం కాదు, నాయకుడు కాదన్న సలహా.’

టైము చాలకపోతే మూడో వాక్యం కుదించండి. నాలుగోది మాత్రం వదలొద్దు.