స్నోమొబైల్‌కు కొత్త ట్రాక్‌ను ఎంచుకోవడం ఎలా?

స్నోమొబైల్ అంటే మంచు మీద నడిచే బండి. దాని ఇంజన్ ఎంత బలమైనదైనా ఆ బలం మంచును చేరే దారి ఒక్కటే, అది బండి కింద తిరిగే రబ్బరు పట్టా. దీనినే ట్రాక్ అంటారు. పాతది పాడై కొత్తది కొనవలసి వచ్చినప్పుడు చాలామంది చూపు ముందుగా లగ్‌ల మీద, అంటే మంచును తవ్వి వెనక్కి నెట్టే రబ్బరు పళ్ల మీద పడుతుంది. అది సహజమే గాని, మొదట చూడవలసినది పిచ్, అంటే పట్టా లోపలి పళ్ల మధ్య దూరం అని నా గట్టి అభిప్రాయం. లగ్ ఎత్తులో కాస్త పొరపడితే బండి నడక మారుతుంది. పిచ్‌లో పొరపడితే ట్రాక్ ఆ బండికి పనికే రాదు.

ముందుగా పాత ట్రాక్‌ను పరీక్షించండి

ఇంజన్ ఆపి, బండి వెనుక భాగాన్ని గట్టి స్టాండు మీదికి ఎత్తి, ట్రాక్‌ను చేత్తో నెమ్మదిగా ఒక చుట్టు పూర్తిగా తిప్పి చూడండి. అక్కడక్కడా ఒకటి రెండు లగ్‌లు చిరిగినంత మాత్రాన ట్రాక్ మార్చవలసిన అవసరం లేదు. ఊడిన లోహపు క్లిప్పులను విడిగా బిగించుకోవచ్చు. రబ్బరు లోపల అడ్డంగా ఉండే ఫైబర్‌గ్లాస్ కడ్డీలు విరిగి ఆ చోట పట్టా మెత్తగా వంగిపోతున్నా, అంచులు చిరిగి లోపలి దారాలు బయటపడినా, లోపలి వైపున, పట్టాను తిప్పే పళ్ల చక్రం నెట్టేందుకు ఉండే రబ్బరు పళ్లు, అంటే డ్రైవ్ లగ్‌లు, వరుసగా తెగిపోయినా ఇక దానిని నమ్మకూడదు. ట్రాక్ పళ్ల చక్రం మీద జారుతూ టకటకమని శబ్దం చేస్తుంటే మాత్రం వెంటనే కొత్తది కొనవద్దు. బిగువు తగ్గినా, చక్రం పళ్లు అరిగినా అదే శబ్దం వస్తుంది, ఆ లోపాన్ని సరిచేయకపోతే కొత్త ట్రాక్ కూడా అలాగే జారుతుంది.

మూడు అంకెలను చదవండి, నాలుగో అంకెను కొలవండి

ట్రాక్‌ను సాధారణంగా 15×137×1.5 అనే పద్ధతిలో పేర్కొంటారు. ఇందులో మొదటిది వెడల్పు, రెండవది పొడవు, మూడవది లగ్ ఎత్తు, అన్నీ అంగుళాలలోనే ఉంటాయి. పొడవు అంటే నేలను తాకే భాగం కాదు, పట్టా మొత్తం చుట్టుకొలత. ఇక్కడ 137 అంగుళాలంటే దాదాపు 348 సెంటీమీటర్లు. 15 అంగుళాల వెడల్పు ఎక్కువగా కనిపిస్తుంది; కొండల్లో తిరిగే కొన్ని బండ్లకు 16, బరువులు లాగే పనిబండ్లకు 20 లేదా 24 అంగుళాల వెడల్పు ఉంటుంది.

ఈ వరుసలో తరచుగా కనిపించని నాలుగో అంకె పిచ్. పళ్ల చక్రంతో రబ్బరు పట్టాను తిప్పే ఏర్పాటుకు కెనడా ఆవిష్కర్త జోసెఫ్ ఆర్మాండ్ బొంబార్డియె 1937లో పేటెంట్ పొందారు. అప్పటి నుంచి నేటి వరకు మూలసూత్రం ఒక్కటే: చక్రం పళ్ల మధ్య దూరమూ, పట్టా లోపలి డ్రైవ్ లగ్‌ల మధ్య దూరమూ సరిగ్గా సరిపోవాలి. ఆ దూరమే పిచ్. సాధారణంగా కనిపించే కొలతలు 2.52, 2.86, 3 అంగుళాలు. కొన్ని కొండ బండ్లలో 3.5 అంగుళాలు కూడా ఉంటుంది.

మోసపోవడానికి అవకాశం ఉన్నది సరిగ్గా ఇక్కడే. 2.52 అంగుళాల పిచ్‌తో 54 డ్రైవ్ లగ్ వరుసలున్న ట్రాక్ పొడవు దాదాపు 136 అంగుళాలు, 2.86 పిచ్‌తో 48 వరుసలున్న దాని పొడవు దాదాపు 137. అలాగే 2.52ను 48తో గుణిస్తే 121 అంగుళాలు, 2.86ను 42తో గుణిస్తే 120 అంగుళాలు వస్తాయి. పొడవులో ఉన్నది ఒక్క అంగుళం తేడాయే కదా అని ఒకదాని బదులు మరొకటి తెచ్చుకుంటే పళ్లూ లగ్‌లూ కలవవు. అప్పుడు చక్రాలను కూడా మార్చవలసి వస్తుంది.

ఒకే ఒక పిచ్‌ను టేపుతో కొలిస్తే పొరపాటుకు తావుంటుంది. అందుకే ఒక డ్రైవ్ లగ్ మధ్య నుంచి దాని తరువాత వచ్చే పదవ డ్రైవ్ లగ్ మధ్య వరకు కొలిచి పదితో భాగించండి. 25.2 అంగుళాలు వస్తే పిచ్ 2.52, 28.6 వస్తే 2.86. ఆ తరువాత మొత్తం వరుసలను లెక్కపెట్టి పిచ్‌తో గుణిస్తే అసలు పొడవు తెలుస్తుంది. బండి మీరు వాడినదే అయినా, వేరొకరి దగ్గర కొన్నదే అయినా ఈ కొలత తీసుకోవాలి. లోగడ ఎవరైనా ట్రాక్‌నూ చక్రాలనూ మార్చి ఉంటే మాన్యువల్‌లోని అంకె ఇప్పటి బండికి వర్తించదు.

చక్రం పట్టాను ఎక్కడ పట్టుకుంటుందో చూడండి

కొన్ని చక్రాలు పట్టా లోపలి డ్రైవ్ లగ్‌లను మాత్రమే నెడతాయి. కొన్నింటి పళ్లు పట్టాలోని కిటికీల వంటి రంధ్రాలలోకి దిగుతాయి, మరికొన్ని రెండు పనులూ చేస్తూ జారుడును బాగా తగ్గిస్తాయి. కొత్త ట్రాక్‌లోని రంధ్రాల అమరిక, క్లిప్పుల అమరిక మీ చక్రాలకు తగినవేనా అని కొనే ముందే అమ్మేవారిని అడిగి తేల్చుకోండి. పట్టాను దారిలో ఉంచే గైడ్ క్లిప్పుల మధ్య దూరం మీ బండి స్లైడ్ పట్టీల, అంటే పట్టా లోపలి వైపు ఆనుకొని జారే పట్టీల, మధ్య దూరానికి సరిపోవడం కూడా అంతే ముఖ్యం.

టన్నెల్‌లో ఎంత చోటు ఉందో కొలవండి

ఎత్తయిన లగ్‌లు కావాలనుకునేవారు ఈ కొలతను వదిలిపెట్టకూడదు. ట్రాక్ తిరిగే లోహపు గూడును టన్నెల్ అంటారు. చాలా బండ్లలో ఇంజన్ ద్రవాన్ని చల్లబరిచే కూలర్లు దాని పైకప్పుకూ ముందు భాగానికీ బిగించి ఉంటాయి. లగ్ కొసకూ, దానికి అతి దగ్గరగా ఉన్న కూలర్‌కు గాని బోల్టు తలకు గాని మధ్య ఇప్పుడు ఎంత ఖాళీ ఉందో కొలవండి. లగ్ కొత్తగా ఉన్నప్పటి ఎత్తు కాకుండా, అరిగిన తరువాత మిగిలిన ఎత్తునే లెక్కలోకి తీసుకోండి. ఉదాహరణకు 1.25 అంగుళాల లగ్ అరిగి 1 అంగుళమై, దాని పైన 1.25 అంగుళాల ఖాళీ ఉన్నదనుకుందాం. 1.75 అంగుళాల లగ్ వేస్తే మిగిలేది అర అంగుళమే. వేగంలో పట్టా బయటికి ఉబుకుతుంది కాబట్టి, అంతకన్నా తక్కువ ఖాళీతో నడపడం నాకు సమ్మతం కాదు. సస్పెన్షన్ పూర్తిగా అణిగినప్పుడు వెనుక భాగంలో పట్టా ఎక్కడ తగులుతుందో కూడా చూడాలి.

చోటు చాలకపోతే ఎనిమిది పళ్ల చక్రాన్ని తీసి ఏడు పళ్లది వేసే మార్గం ఒకటుంది. 2.86 పిచ్‌లో చక్రం ఒక చుట్టు తిరిగితే ఎనిమిది పళ్లది పట్టాను 22.88 అంగుళాలు, ఏడు పళ్లది 20.02 అంగుళాలు నడిపిస్తుంది. అంటే అదే ఇంజన్ వేగానికి బండి వేగం ఎనిమిదో వంతు తగ్గుతుంది. ఇంజన్ బలాన్ని చక్రానికి చేర్చే గొలుసు పెట్టెలోని గేర్లను కూడా మార్చుకోవడానికి సిద్ధపడితేనే ఈ మార్గం పట్టాలి.

మీరు నడిపే మంచును బట్టి ఎంచుకోండి

చదును చేసిన గట్టి దారుల మీదే ఎక్కువగా నడిపేవారికి 1.25 నుంచి 1.5 అంగుళాల లగ్ చాలు. అంతకు మించిన లగ్‌లు గట్టి నేల మీద వంగుతూ వేడెక్కి, చివరికి చిరిగిపోతాయి, పైగా బండి వేగాన్నీ ఇంధనాన్నీ తినేస్తాయి. కొంత దారి, కొంత పొలాలలోని మెత్తని మంచు కలిసి వచ్చే నడకకు 1.5 నుంచి 1.75 అంగుళాలు తగిన కొలత. లోతైన పొడి మంచులో కొండలెక్కేవారికి 2.25 నుంచి 3 అంగుళాల వరకు ఉపయోగపడతాయి. అక్కడ లగ్ ఎత్తు కన్నా పొడవే బండిని తేల్చి ఉంచుతుంది. నేలను తాకే వైశాల్యం పెరిగిన కొద్దీ బండి మంచులో దిగబడకుండా ఉంటుంది. అయితే పొడవు పెంచాలంటే స్లైడ్ పట్టీలను కూడా పొడిగించాలి, మలుపులలో ముందు భాగం బయటికి జారే స్వభావమూ పెరుగుతుంది. దారుల మీద నడిపేవారు పాత పొడవుకే కట్టుబడటం మంచిది.

రబ్బరు గట్టిదనాన్ని షోర్ ఎ కొలతలో చెబుతారు, అంకె పెద్దదైతే రబ్బరు అంత గట్టిది. దారి ట్రాక్‌లకు దాదాపు 80, లోతైన మంచు ట్రాక్‌లకు దాదాపు 60 ఉంటుంది. లోపల ఒకే పొర గుడ్డ ఉన్న ట్రాక్ తేలికగా, సులభంగా వంగేదిగా ఉంటుంది, కాబట్టి కొండలకు నప్పుతుంది. రెండు పొరలది బరువైనా వేగానికీ బరువు లాగడానికీ ఓర్చుకుంటుంది.

గడ్డకట్టిన సరస్సుల మీద, మంచుగడ్డ పేరుకున్న మలుపులలో నడిపేవారికి లోహపు మేకులు అవసరమవుతాయి. వాటిని రెండు పొరల ట్రాక్‌కే బిగించాలి, మేకు మొన లగ్ కన్నా దాదాపు మూడు ఎనిమిదో వంతుల అంగుళం ఎత్తుగా రావాలి, కూలర్లకు రక్షణ పట్టీలు తప్పక వేయాలి. రంధ్రాలు చేయడం ఇష్టం లేనివారికి కామ్సో సంస్థ తెచ్చిన ఐస్ రిప్పర్ వంటి ట్రాక్‌లున్నాయి, వాటిలో లగ్ కొసలలోనే చిన్న మేకులు అమర్చి వస్తాయి.

వాడిన ట్రాక్ కొంటుంటే

లోపలి వైపు బయటికి వచ్చేలా వంచి చూడండి, పగుళ్లలో దారాలు కనిపిస్తే వదిలివేయండి. పాత యజమాని మేకులు తీసిన రంధ్రాలు చాలా ఉన్నా తీసుకోవద్దు, ఎందుకంటే ఆ రంధ్రాల గుండా నీరు లోపలి గుడ్డలోకి చేరుతుంది.

బిగించిన తరువాత

పట్టా మీద తిరిగే దిశను సూచించే బాణం ఉంటే దాని ప్రకారమే ఎక్కించండి, తిరగబడితే లగ్‌ల పట్టు తగ్గుతుంది. మాన్యువల్ చెప్పిన బరువును కింది భాగం మధ్యలో వేలాడదీసి, స్లైడ్‌కూ పట్టాకూ మధ్య ఏర్పడిన ఖాళీని కొలిచి, అందులో చెప్పిన హద్దులలోకి బిగువును తీసుకురండి. వెనుక ఇరుసుకు రెండు వైపులా ఉన్న బోల్టులను సరిచేసి, గైడ్ క్లిప్పులకూ స్లైడ్‌లకూ మధ్య ఖాళీ ఇరువైపులా సమానంగా ఉండేలా చూడండి. స్టాండు మీద ఇంజన్‌తో పట్టాను తిప్పి చూసేటప్పుడు బండి వెనుక ఎవరూ నిలబడకూడదు. కొత్త ట్రాక్ మొదటి కొన్ని గంటలలో సాగుతుంది, కాబట్టి తొలి ప్రయాణం ముగియగానే బిగువునూ ఇరువైపుల ఖాళీనీ మళ్లీ కొలిచి సరిచేయండి.