సరిహద్దులు దాటే ఫుట్‌బాల్ లీగ్: గేమ్‌లో ఎక్కడ చెడుతుంది, ఎలా బాగుచేయాలి

2024 అక్టోబర్ చివర్లో భూటాన్ రాజధాని థింపూలో ఏఎఫ్‌సీ (ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య) ఛాలెంజ్ లీగ్ గ్రూప్ మ్యాచ్‌లు జరిగాయి. భూటాన్ నుంచి పారో, బంగ్లాదేశ్ నుంచి బసుంధరా కింగ్స్, లెబనాన్ నుంచి నెజ్మే, మన దేశం నుంచి ఈస్ట్ బెంగాల్ ఆడాయి. ఈస్ట్ బెంగాల్ పారోతో 2-2 డ్రా చేసుకుని, మిగతా రెండు మ్యాచ్‌లూ గెలిచి క్వార్టర్ ఫైనల్‌కు వెళ్లింది. హన్మకొండలో మేం ముగ్గురం స్నేహితులం ఆ స్కోర్లు చూస్తుంటే మాలో ఒకడు అన్నాడు: "అన్నా, ఈ క్లబ్బులు ఏటా ఒక లీగ్‌ల ఆడితే ఎట్లుంటది?"

నిజంగా పెట్టడం మన చేతిలో లేదు కానీ క్లబ్బును మనమే నడిపే ఫుట్‌బాల్ మేనేజర్ అనే కంప్యూటర్ గేమ్ ఉంది, అందులోని లీగ్‌లను, నియమాలను మార్చుకునే ఎడిటర్ ఉంది. భారత్, బంగ్లాదేశ్, నేపాల్, భూటాన్ క్లబ్బులతో ఒక కల్పిత లీగ్ తయారుచేయడం మొదలుపెట్టాం. మన దేశపు రెండో అంచెలో ఓరుగల్లుకు కూడా ఒక క్లబ్బు పెట్టుకున్నాం. ఎన్నోసార్లు చెడింది, ఎన్నోసార్లు సరిచేశాం. చెడిన ప్రతిసారీ తవ్వి చూస్తే కనిపించిన తప్పు ఒక్కటే. లీగ్ నాలుగు దేశాలది కదా అని సరిహద్దును పూర్తిగా చెరిపేశాం. ఆసియా పోటీల అర్హత, ప్లేయర్ల రిజిస్ట్రేషన్, డబ్బు, క్యాలెండర్ మాత్రం సరిహద్దు ఉందనుకునే నడుస్తాయి.

పరీక్ష చేసే పద్ధతి ముందు చెప్పాలి. ఒకసారి ఒక్క మార్పే చేయండి. పది సీజన్లు గేమ్‌ను దానంతట అదే నడవనివ్వండి. అలా మూడుసార్లు నడిపి ఫలితాలు నోట్‌బుక్‌లో రాసుకోండి. ఒక్కసారి నడిపితే ఏది నియమం వల్ల జరిగిందో, ఏది అదృష్టమో తెలియదు. ఎడిటర్‌లో చేసిన మార్పు ముందే సేవ్ చేసుకున్న ఆటలోకి రాదన్నది కూడా గుర్తుంచుకోండి, ప్రతిసారీ కొత్త కెరీర్ (కొత్త ఆట) మొదలుపెట్టాల్సిందే. ఇది తెలియక మేం రెండు రాత్రులు పోగొట్టుకున్నాం.

లక్షణం: కొత్త కెరీర్‌లో లీగ్ అసలు కనిపించదు

ఫైల్ ఎడిటర్ డేటా ఫోల్డర్‌లో ఉందా, కెరీర్ మొదలుపెట్టేటప్పుడు దానికి టిక్ పెట్టారా చూడండి. రెండూ సరిగా ఉంటే తప్పు నియమాల్లో ఉంటుంది. ఎక్కువసార్లు కారణం ఒకటే: ఒక క్లబ్బు పాత జాతీయ లీగ్‌లోనూ కొత్త లీగ్‌లోనూ ఉండిపోతుంది, లేదా తీసేశాక జాతీయ లీగ్‌లో సంఖ్య తగ్గిపోతుంది. పైకి తీసుకున్న ప్రతి క్లబ్బుకు బదులు కింది అంచె నుంచి ఒకదాన్ని జాతీయ లీగ్‌లో చేర్చి, ఎడిటర్‌లో నియమాలను మళ్లీ వెరిఫై చేయండి (సరిచూడండి).

లక్షణం: లీగ్ గెలిచిన క్లబ్బు ఆసియా పోటీలకు వెళ్లదు, లేదా నాలుగు దేశాల అవకాశాలూ ఒకే దేశానికి పోతాయి

కారణం: లీగ్‌ను ఎడిటర్‌లో ఏదో ఒక దేశం కింద పెట్టాలి. మేం భారత్ కింద పెట్టాం. కాట్మండు క్లబ్బు కప్పు గెలిచినా ఆసియాకు వెళ్లే చోటు భారత్ ఖాతాలోనే పడింది.

బయట ప్రపంచంలో దీనికి రకరకాల ఏర్పాట్లున్నాయి. వేల్స్ క్లబ్బు స్వాన్సీ ఇంగ్లండ్ లీగ్‌లో ఆడుతుంది. 2013లో ఇంగ్లండ్ లీగ్ కప్ గెలిచి, ఇంగ్లండ్ చోటులోనే యూరోపా లీగ్ ఆడింది. లీచ్‌టెన్‌స్టైన్‌కు సొంత లీగ్ లేదు. అక్కడి వాడూజ్ స్విట్జర్లాండ్ లీగ్‌లో ఆడుతుంది కానీ యూరప్‌కు తమ దేశపు కప్పు గెలిచి వెళ్తుంది. న్యూజిలాండ్‌కు చెందిన వెల్లింగ్టన్ ఫీనిక్స్ 2007 నుంచి ఆస్ట్రేలియా లీగ్‌లో ఉంది. ఆస్ట్రేలియా ఆసియా సమాఖ్యలో, న్యూజిలాండ్ ఓషియానియా సమాఖ్యలో ఉండటంతో ఆ క్లబ్బుకు ఆసియా ఛాంపియన్స్ లీగ్ తలుపు మూసే ఉంది.

మన నాలుగు దేశాలూ ఏఎఫ్‌సీలోనే ఉన్నాయి కాబట్టి వెల్లింగ్టన్ కష్టం మనకు లేదు. లీచ్‌టెన్‌స్టైన్ దారి మాకు నచ్చింది, చిన్న దేశపు కప్పుకు దానివల్ల ప్రాణం వస్తుంది. ప్రతి దేశానికీ ఒక జాతీయ కప్పు ఉంచి, ఆసియా చోటు దాని విజేతకు ఇవ్వండి. ఒక దేశానికి రెండు చోట్లుంటే రెండోది మన లీగ్‌లో ఆ దేశం తరఫున అందరికన్నా పైన నిలిచిన క్లబ్బుకు. ఎడిటర్‌లో క్లబ్బు దేశం, బేస్డ్ నేషన్ (ఏ దేశపు లీగ్‌లో ఆడుతుందో), కాంటినెంటల్ కప్ నేషన్ (ఏ దేశం తరఫున ఆసియా పోటీలకు వెళ్తుందో) వేర్వేరు గళ్లు. బేస్డ్ నేషన్ మార్చినా కాంటినెంటల్ కప్ నేషన్‌లో సొంత దేశమే ఉండాలి. మేం మూడు గళ్లనూ గంపగుత్తగా మార్చేయడం వల్లే ఈ గొడవంతా వచ్చింది.

లక్షణం: ఆరేడు సీజన్లకు చిన్న దేశాల క్లబ్బులు మాయమవుతాయి

అన్నిటికన్నా బాధ పెట్టింది ఇదే. మొదటి పరీక్షలో ఆరో సీజన్‌కల్లా భూటాన్ క్లబ్బులు రెండూ దిగిపోయాయి, ఆ తర్వాత నేపాల్‌వీ పలచబడ్డాయి. మిగిలింది కోల్‌కతా, ఢాకా, గోవాల మధ్య పోటీ. దాని కోసమైతే ఇంత కష్టపడక్కర్లేదు.

కారణం ప్రమోషన్ నియమంలో ఉంది. చివరి ముగ్గురు దిగుతారు, నాలుగు దేశాల ఛాంపియన్లు ప్లేఆఫ్ ఆడి పైకి వస్తారు అని పెట్టాం. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ దిగేది భూటాన్ క్లబ్బు, ప్లేఆఫ్ గెలిచి ఎక్కేది భారత క్లబ్బు. ప్రతి ఏడూ తక్కెడ ఒకే వైపు వాలుతుంది. పైగా ఒకే ఏడాది రెండు నేపాల్ క్లబ్బులు దిగితే నేపాల్ జాతీయ లీగ్ ఉబ్బిపోయి, గేమ్ అక్కడ ఎవరినో ఒకరిని అనవసరంగా కిందికి నెడుతుంది.

పరిష్కారం: సంఖ్యను దేశం వారీగా కట్టేయండి. మేం భారత్ 4, బంగ్లాదేశ్ 3, నేపాల్ 3, భూటాన్ 2, మొత్తం 12 అని పెట్టాం. పన్నెండో స్థానంలో నిలిచిన క్లబ్బు నేరుగా దిగుతుంది, దాని స్థానంలోకి అదే దేశపు జాతీయ లీగ్ విజేత వస్తుంది. పదకొండో క్లబ్బు తన దేశపు విజేతతో రెండు మ్యాచ్‌ల ప్లేఆఫ్ ఆడుతుంది. చివరి రెండూ ఒకే దేశానివైతే ప్లేఆఫ్ రన్నరప్‌తో. ఇలా చేస్తే ఎవరు దిగినా జాతీయ లీగ్‌లో సంఖ్య చెదరదు.

దీనిలోనూ ఒక లోపం ఉంది. భూటాన్ క్లబ్బులే ఏటా దిగుతూ ఎక్కుతూ ఉంటే ఆ దేశంలో ఏ క్లబ్బూ కుదురుకోదు. దాని మందు ప్రమోషన్ నియమంలో దొరకదు, డబ్బు దగ్గర దొరుకుతుంది.

లక్షణం: పొరుగు దేశపు మంచి ప్లేయర్లంతా రెండు క్లబ్బుల్లో పోగవుతారు. లేదా పొరుగు ప్లేయర్ ఒక్కడూ కనిపించడు

ఇవి రెండు వేర్వేరు లక్షణాలే, కానీ తప్పు ఒకే గళ్లో ఉంటుంది. నాలుగు దేశాల వాళ్లనూ అందరికీ స్వదేశీలుగా లెక్కిస్తే, నేపాల్ జాతీయ జట్టు మొత్తం మూడేళ్లలో కోల్‌కతాకో ఢాకాకో చేరుతుంది. అందరినీ విదేశీలుగా లెక్కిస్తే, కోటా చోట్లన్నీ దూర దేశాల స్ట్రైకర్లతో నిండి, పక్కనున్న భూటాన్ కుర్రాణ్ని కొనేవాడే ఉండడు.

మధ్యలో మూడో రకం ఒకటి సృష్టించండి: పొరుగు ప్లేయర్. మేం కుదుర్చుకున్న లెక్క ఇది. 25 మంది రిజిస్ట్రేషన్‌లో సొంత దేశం వాళ్లు కనీసం 14, పొరుగు మూడు దేశాల వాళ్లు గరిష్ఠంగా 7, బయటివాళ్లు గరిష్ఠంగా 4. మొదటి పదకొండు మందిలో సొంత దేశపు 21 ఏళ్లలోపు ప్లేయర్ ఒకరు. ఇంతకన్నా బిగించకండి. ముందు మేం సొంత దేశం వాళ్లు 18 మంది ఉండాలని పెట్టాం. కంప్యూటర్ నడిపే క్లబ్బులు జాబితా నింపుకోలేక, అలసిన వాళ్లనే మళ్లీ మళ్లీ దింపాయి.

వర్క్ పర్మిట్ నియమం కూడా చూసుకోండి. మనవాళ్లు నేపాల్ వెళ్లడానికి వీసా అక్కర్లేదు, బంగ్లాదేశ్‌కు కావాలి. గేమ్‌లో పొరుగు ప్లేయర్లకు పర్మిట్ సులువు చేయండి, సంఖ్యను మాత్రం కోటాకే వదిలేయండి.

లక్షణం: ఒకే క్లబ్బు వరసగా ఎనిమిది టైటిళ్లు గెలుస్తుంది

అందరూ ముందు క్లబ్బుల రెప్యుటేషన్ (గేమ్ క్లబ్బు పేరుకు ఇచ్చే అంకె) తగ్గించి చూస్తారు. మేమూ తగ్గించాం. ఐదేళ్లు బాగుండి మళ్లీ మొదటికి వచ్చింది. అసలు కారణం టీవీ డబ్బు పంచే తీరు.

లెక్క వేసి చూడండి. మొత్తం 100 పాళ్లలో 30 సమానంగా, 70 స్థానాన్ని బట్టి పంచామనుకుందాం. సమాన వాటా తలా 2.5. స్థానం వాటాకు మొదటి క్లబ్బుకు 12 భాగాలు, రెండోదానికి 11, ఇలా చివరిదానికి 1 అంటే మొత్తం 78 భాగాలు. ఛాంపియన్‌కు చేరేది దాదాపు 13.3, చివరి క్లబ్బుకు 3.4. దాదాపు నాలుగింతల తేడా. ఏటా ఆ తేడా జీతాల్లోకి పోతుంది, జీతాలతో ప్లేయర్లు పోతారు.

ఇప్పుడు 60 సమానంగా, 25 స్థానాన్ని బట్టి పంచి, 15 ప్రయాణ ఖర్చుల నిధిగా ఉంచండి. ఛాంపియన్‌కు 8.85, చివరి క్లబ్బుకు 5.3. తేడా రెండింతలు కూడా లేదు. ఆ 15 పాళ్ల నిధిని విమానాల్లో ఎక్కువ తిరగాల్సిన థింపూ, కాట్మండు, గోవా క్లబ్బులకు ఎక్కువ ఇవ్వండి. దిగిపోయిన క్లబ్బుకు ఒక ఏడాది సమాన వాటాలో సగం ఇస్తే, భూటాన్ క్లబ్బు ప్లేయర్లను అమ్ముకోకుండా తిరిగి ఎక్కగలదు. పై విభాగంలో వదిలేసిన లోపం మా పరీక్షల్లో దీనితోనే చాలావరకు తగ్గింది.

జీతాల స్థాయి పెట్టేటప్పుడు కరెన్సీ కూడా మనసులో ఉంచుకోండి. భూటాన్ ఙుల్‌ట్రమ్ మన రూపాయికి సమానం. నేపాల్ రూపాయి 1993 నుంచి మన రూపాయికి 1.60 చొప్పున కట్టి ఉంది. నేపాల్ క్లబ్బు జీతాలను ఇంటర్నెట్‌లో చూసి అలాగే దింపేస్తే ఆ క్లబ్బు ఉన్నదానికన్నా ధనవంతమైపోతుంది. మేం చేసిన తప్పు అదే.

స్కాండినేవియాలో డెన్మార్క్, నార్వే, స్వీడన్ కలిసి 2004లో 12 క్లబ్బులతో రాయల్ లీగ్ మొదలుపెట్టాయి. టీవీ ఆదాయం సరిగా కుదరక మూడు సీజన్లకే ఆగిపోయింది. అందుకే డబ్బు నియమం చివర్లో చూద్దాంలే అనుకోకండి.

లక్షణం: మార్చి, ఏప్రిల్ వచ్చేసరికి వారానికి మూడు మ్యాచ్‌లు, సగం జట్టు గాయాలతో

వారాలు లెక్కపెట్టకుండా క్లబ్బుల సంఖ్య నిర్ణయించడమే కారణం. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నాలుగు దేశాల్లోనూ వానలు. తర్వాత మనకు బతుకమ్మ, దసరా, నేపాల్‌కు దశైన్, బెంగాల్‌కూ ఢాకాకూ దుర్గాపూజ. 2026 నుంచి ఫిఫా సెప్టెంబర్, అక్టోబర్ అంతర్జాతీయ విరామాలను కలిపి ఒకే పెద్ద విరామం చేసింది. అందుకే నవంబర్ మొదటివారంలో మొదలుపెట్టి మే సగానికి ముగించడం మేలు. దాదాపు 28 వారాలు. నవంబర్, మార్చి ఫిఫా విరామాలు తీసేస్తే 26. పద్నాలుగు క్లబ్బులైతే 26 రౌండ్లు, ఊపిరి పీల్చుకునే చోటుండదు. పన్నెండైతే 22 రౌండ్లు, నాలుగు వారాలు మిగులుతాయి. వాటిలో రెండు జనవరిలో విరామానికి ఇవ్వండి, థింపూలో అప్పుడు రాత్రులు గడ్డకడతాయి. మిగతా రెండు జాతీయ కప్పులకు.

రంజాన్ విరామాన్ని ఒక తేదీకి కట్టేయకండి. అది ఏటా 10, 11 రోజులు ముందే వస్తుంది. చివరి రౌండ్ మ్యాచ్‌లన్నీ ఒకేసారి మొదలవ్వాలంటే గడియారాలు కూడా చూడాలి: మనకు సాయంత్రం 5 అయితే కాట్మండులో 5.15, ఢాకాలో, థింపూలో 5.30.

లక్షణం: పొరుగు దేశపు క్లబ్బు వస్తే స్టేడియం ఖాళీ

ప్రేక్షకులు రావాలంటే పాత పోటీ ఉండాలి. కొత్త లీగ్‌లో పొరుగు దేశపు క్లబ్బు అందరికీ కొత్తే. మేం ముందు రాజధానులన్నిటి మధ్యా రైవల్రీలు పెట్టేశాం. పటం చూసి పెట్టిన పోటీలు కాబట్టి అవి ఉత్తుత్తివిగానే కనిపించాయి.

మా ముగ్గురిలో ఒకడిది మహారాష్ట్రలోని సిరొంచ. కాళేశ్వరం దగ్గర గోదావరి దాటితే వాళ్ల ఊరు. అక్కడా తెలుగు మాట్లాడతారు, వంతెన రాకముందు పడవెక్కి ఇటు వచ్చేవాళ్లు. వాడన్న మాటతోనే మేం పద్ధతి మార్చాం: "అరే, మాకు ముంబై ఎక్కడో దూరం. మీరైతే ఏరు దాటంగనే. కొట్లాడినా మీతోనే కొట్లాడుతం కదరా."

రాజధానుల జతలు తీసేసి, సరిహద్దుకు అటూ ఇటూ ఒకే భాష, ఒకే సంత ఉన్న చోట్లు వెతికాం. ఉత్తర బెంగాల్‌లోని సిలిగురికీ నేపాల్ తూర్పు తరాయికీ (సరిహద్దు మైదాన ప్రాంతం), అగర్తలాకూ బంగ్లాదేశ్‌లోని కుమిల్లాకూ రైవల్రీ పెట్టాం. మొదటి సీజన్‌లో తీవ్రత తక్కువగా ఉంచండి, ఫలితాలను బట్టి గేమే పెంచుకుంటుంది. అలాంటి జతల్లో ఒక మ్యాచ్‌ను మొదటి మూడు రౌండ్లలోనే పెట్టండి. బెల్జియం, నెదర్లాండ్స్ మహిళల బెనె లీగ్ 2012లో మొదలైనప్పుడు సీజన్ మొదటి సగం ఎవరి దేశంలో వాళ్లు ఆడి, రెండో సగంలో కలిశారు. మేం దాన్నీ ప్రయత్నించాం కానీ మా గేమ్‌లో సరిహద్దు దాటే మ్యాచ్‌లు ఆలస్యమై ప్రేక్షకులు ఇంకా తగ్గారు. దాన్ని వదిలేసి, మూడో రౌండ్‌లోనే అగర్తలా క్లబ్బును కుమిల్లా పంపుతున్నాం.