ఒకరు సరదాకి, ఒకరు గెలవడానికి: పక్కపక్కన కూర్చుని ఫైటింగ్ గేమ్ ఆడటం ఎలా

మా తమ్ముడికి స్ట్రీట్ ఫైటర్ 6లో కెన్ అనే క్యారెక్టర్ అంటే ఇష్టం. కెన్‌తో ఎగిరి తన్నడం ఇంకా ఇష్టం. నేను ర్యూతో ఆడతాను. 2023 జూన్‌లో గేమ్ వచ్చిన కొత్తలో ఇద్దరికీ ఏమీ రాదు. వాడు ఎగిరేవాడు, నేనూ ఎగిరేదాన్ని, ఎవరి కాలు ముందు తగిలితే వాళ్లదే రౌండు. తర్వాత నాకు పంతం పట్టుకుంది. మూడు వారాల పాటు రోజూ ట్రైనింగ్ మోడ్‌లో కూర్చుని ఒక్కటే నేర్చుకున్నాను: ఎదుటివాడు ఎగరగానే కింద కూర్చుని హెవీ పంచ్ కొట్టడం. ఆ తర్వాత వాడితో ఆడితే వరసగా పదకొండు గేములు నావే. పన్నెండోది మొదలవుతుండగా వాడు కంట్రోలర్ ఒళ్లో పెట్టేసుకుని, "ఆడుతున్నది నువ్వొక్కదానివే అక్కా. నేను చూస్తున్నా, అంతే" అన్నాడు.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. ఓడిపోవడం వాడికి కొత్త కాదు, అంతకుముందూ ఎన్నోసార్లు ఓడి నవ్వుకుంటూ లేచాడు. ఈసారి వాడు ఏ బటన్ నొక్కినా తెర మీద వాడిది ఏదీ జరగలేదు. ఎగిరితే కింద పడ్డాడు, లేచి మళ్లీ ఎగిరితే మళ్లీ పడ్డాడు. నాకు మాత్రం ఆ పదకొండు గేముల్లో ఏం మిగిలింది? అటు నుంచి ఒక్క జవాబూ రాలేదు. సరదాకి ఆడేవాళ్లు తమకీ ఆట దొరకాలనుకుంటారు, గెలవడానికి ఆడేవాళ్లు ఎదుటి నుంచి జవాబు రావాలనుకుంటారు. ఆ రోజు మా ఇద్దరికీ రెండూ దక్కలేదు. అప్పటి నుంచి మేం మార్చుకుంటూ వచ్చినవే ఇక్కడ రాస్తున్నాను.

ముందే ఒక మాట అనుకోండి

కంట్రోలర్లు చేతికి తీసుకోకముందే ఇవాళ ఎలా ఆడుతున్నామో పైకి అనుకోవాలి. మనసులో అనుకుంటే చాలదు. మా పద్ధతి ఇది: మొదటి ఐదు గేములు సరదాకి, ఆ తర్వాత ఎవరు ముందు ఐదు గెలిస్తే వాళ్లది. సరదా గేముల్లో క్యారెక్టర్‌ని ర్యాండమ్‌గా వదిలేస్తాం. ర్యాండమ్‌లో నాకు జేమీయో మారిసానో వస్తే నా చేతులకి అలవాటైన దెబ్బ ఒక్కటీ ఉండదు, అప్పుడు ఇద్దరం దాదాపు సమానం. అదే గేమ్‌లో ఉండే ఎక్స్‌ట్రీమ్ బ్యాటిల్ అనే సరదా మోడ్ కూడా పెట్టుకోవచ్చు, మధ్యలో ఎద్దు పరిగెత్తుకొచ్చి ఇద్దర్నీ కుమ్మేస్తుంది. అక్కడ నా మూడు వారాల సాధన పెద్దగా పనికిరాదు.

ఒకే గేమ్ రెండు రకాలుగా ఆడితే ఒకటి అసలుది, ఇంకోటి చెడగొట్టినది అనుకోనక్కర్లేదు. 2001లో వచ్చిన సూపర్ స్మాష్ బ్రదర్స్ మెలీనే చూడండి. నలుగురు కూర్చుని, పైనుంచి రాలిపడే బాంబుల్నీ సుత్తుల్నీ ఏరుకుంటూ కేకలేసుకునే ఆట అది. టోర్నమెంట్లలో అదే డిస్క్ పెట్టి, ఐటెమ్‌లన్నీ ఆపేసి, ఇద్దరే ఆడతారు. అటు కేకలేసేవాళ్లూ ఇటు మాట్లాడకుండా ఆడేవాళ్లూ ఇన్నేళ్లుగా దాన్ని వదల్లేదు. గొడవ వచ్చేది ఒకే సోఫా మీద ఒకరు ఆ ఆటా, ఇంకొకరు ఈ ఆటా ఆడుతూ ఇద్దరిదీ ఒకటే అనుకున్నప్పుడు.

తొండి అనే ముందు

ఈ గేముల్లో "తొండి" అన్న మాట ఎక్కువగా త్రో దగ్గర వినిపిస్తుంది. వాడు బుద్ధిగా బ్లాక్ పట్టుకుని ఉంటాడు. మీరు దగ్గరికెళ్లి, పట్టుకుని విసిరేస్తారు. "బ్లాక్ చేశాను కదా!" అని అరుస్తాడు. చాలామంది ఇక్కడే "త్రోలు వద్దు" అని రూలు పెట్టేసుకుంటారు. దయచేసి ఆ రూలు పెట్టకండి. బ్లాక్ దెబ్బని ఆపుతుంది, త్రో బ్లాక్‌ని విప్పుతుంది, త్రోకి వచ్చేవాణ్ణి మళ్లీ దెబ్బే ఆపుతుంది. ఈ మూడింట్లో ఒకటి తీసేస్తే బ్లాక్ పట్టుకుని కూర్చున్నవాణ్ణి కదిలించడం కష్టమైపోతుంది, ఆట అక్కడే బిగుసుకుపోతుంది. రూలు అడిగినవాడికి కూడా రెండు రోజుల్లో విసుగొస్తుంది.

అలాగని "నేర్చుకో" అని కసిరేస్తే లాభం లేదు. ఎందుకు తగులుతోందో చెప్పాలి. ఈ గేములు సెకనుకి 60 ఫ్రేములతో, అంటే 60 బొమ్మలతో నడుస్తాయి. స్ట్రీట్ ఫైటర్ 6లో త్రో 5 ఫ్రేముల్లో పట్టేస్తుంది, అంటే సెకనులో పన్నెండో వంతు. దాన్ని చూసి తప్పించుకోవడం మనిషి వల్ల కాదు. డ్రైవ్ ఇంపాక్ట్ అనే బరువైన దెబ్బ రావడానికి 26 ఫ్రేములు పడుతుంది, అర సెకనుకి కాస్త తక్కువ. దాన్ని మాత్రం చూసి తిప్పికొట్టవచ్చు. ఈ తేడా తెలియక మా తమ్ముడు రెండింటికీ ఒకేలా ఎదురు చూసేవాడు. త్రో అనేది ఊహించాల్సింది, దగ్గరికొచ్చి ఒక్క క్షణం ఆగారంటే మీరు కూడా లైట్ పంచ్, లైట్ కిక్ కలిపి నొక్కండి, ఇద్దరూ విడిపోతారు అని చెప్పాను. పదిసార్లు ప్రయత్నించి మూడుసార్లు విడిపించుకున్నాడు. ఆ మూడింటితోనే తొండి అన్న మాట ఆగిపోయింది.

నిషేధాలు అసలే ఉండకూడదని నేననను. 1994 నాటి సూపర్ స్ట్రీట్ ఫైటర్ 2 టర్బోలో దాచిపెట్టిన క్యారెక్టర్ అకుమా ఉంటాడు. గాల్లోంచి వాడు వదిలే ఫైర్‌బాల్‌కి చాలా క్యారెక్టర్ల దగ్గర సరైన జవాబే లేదు, అందుకే టోర్నమెంట్లలో వాణ్ణి నిషేధించారు. గెలవడమే పనిగా ఆడేవాళ్లు కూడా ఒప్పుకున్న రూలు అది. మీ ఇంట్లో కూడా ఇదే కొలత వాడండి. ఏదైనా దెబ్బ తొండిలా అనిపిస్తే ఇద్దరూ కలిసి ట్రైనింగ్ మోడ్‌కి వెళ్లండి, అక్కడ ఎదురుగా నిలబడే డమ్మీకి ఆ దెబ్బ రికార్డ్ చేసి పెట్టి, ఒక గంట జవాబు వెతకండి. నిజంగా దొరక్కపోతే అప్పుడు నిషేధించండి. మేం ఇప్పటిదాకా ఒక్కటీ నిషేధించాల్సి రాలేదు.

బాగా వచ్చినవాళ్లకి

కావాలని ఓడిపోవద్దు. నేను ఒకసారి ఆ పని చేశాను. వాడు రెండో రౌండులోనే కనిపెట్టేసి, "నన్ను ఆటలో అరటిపండు చేయకు" అన్నాడు. వరసగా ఓడిపోవడం కంటే ఆ మాట చెప్పాల్సి రావడం వాడికి ఎక్కువ నొప్పి. తగ్గాలనుకుంటే చెప్పి తగ్గండి. మీకు రాని క్యారెక్టర్‌ని తీసుకోండి. ఎదుటివాళ్లకి మోడర్న్ కంట్రోల్స్ ఇవ్వండి, అందులో స్పెషల్ దెబ్బలు ఒక్క బటన్‌కే వస్తాయి. బదులుగా వాటి దెబ్బ 20 శాతం తగ్గుతుంది, కాబట్టి ఊరికే ఇచ్చారన్న చిన్నతనం ఉండదు.

ఒక రోజుకి ఒక్కటే నేర్పండి, అదీ అడిగితేనే. మావాడికి నా స్వీప్, అంటే కింద కాలు తిప్పి పడగొట్టే దెబ్బ, అంటే ఒళ్లు మంట. బ్లాక్ చేసినా భయపడి అలాగే ఉండిపోయేవాడు. ఒకసారి ట్రైనింగ్ మోడ్‌లో ఫ్రేముల్ని చూపించే ఫ్రేమ్ మీటర్ ఆన్ చేసి నా స్వీప్ చూపించాను. తెర మీద చిన్న చిన్న గళ్లు వరసగా నిండుతాయి: దెబ్బ బయల్దేరేవరకు ఆకుపచ్చ, తగిలే సమయం ఎరుపు, తేరుకునే సమయం నీలం. "ఆ నీలం ఎంత పొడుగుందో చూడు, అంతసేపూ నేను కదల్లేను" అన్నాను. వాడు తెర దగ్గరికి వంగి, వేలు పెట్టి ఒక్కో గడీ లెక్కపెట్టాడు. "ఇంతసేపూ నేను బ్లాక్ పట్టుకునే ఉన్నానా?" అన్నాడు. తర్వాతి గేమ్‌లో నా స్వీప్ బ్లాక్ చేసి, వెంటనే కూర్చుని మీడియం కిక్, దాని వెనకే హడోకెన్ అనే ఫైర్‌బాల్ కొట్టాడు. గేమ్ నాదే అయింది, కానీ వాడు లేవలేదు. ఇంకో ఆరు గేములు ఆడాడు.

ఆడుతుండగా సలహాలు మాత్రం ఇవ్వకండి. రౌండు నడుస్తుంటే ఏ మాటా చెవికెక్కదు, చిరాకు తప్ప.

సరదా నుంచి పోటీకి వెళ్లాలనిపిస్తే

వెళ్లండి, కానీ గెలుపుల్ని లెక్కపెట్టుకుంటూ వెళ్లకండి. ఒక క్యారెక్టర్, ఒక వారం, ఒక పని. మొదటి వారం నా పని ఎగిరినవాణ్ణి ఆపడం. రోజుకి మూడు రీప్లేలు చూసి, ఎదుటివాళ్లు ఎన్నిసార్లు ఎగిరారో, నేను ఎన్నిసార్లు ఆపానో పుస్తకంలో రాసుకున్నాను. మొదటిరోజు పద్నాలుగింటికి రెండు, వారం చివర పదహారింటికి తొమ్మిది. ఆ తొమ్మిది నాది, ఎవరూ తీసుకోలేరు. ర్యాంక్ పాయింట్లు అలా కాదు, ఎవరు ఎదురుపడ్డారన్న దాన్ని బట్టి వస్తూ పోతూ ఉంటాయి. టెక్కెన్ 8 ఆడేవాళ్లయితే రీప్లే మధ్యలో కంట్రోల్ చేతికి తీసుకుని, ఓడిన చోట ఏం చేసి ఉండాల్సిందో చేసి చూసుకోవచ్చు. అది చాలా మంచి ఏర్పాటు, వాడుకోండి.

ఆపాల్సిన గీత కూడా ముందే గీసుకోండి. ఆన్‌లైన్‌లో పాయింట్ల కోసం ఆడే ర్యాంక్డ్‌లో రెండు సెట్లు వరసగా పోయి, చెయ్యి తనంతట తనే "మళ్లీ ఆడు" బటన్ మీదకి వెళ్తోందంటే ఆ రోజుకి ర్యాంక్డ్ చాలు. ఒక నెల నేను ఆ గీత దాటేశాను. తమ్ముడు ఆడదాం అని మెసేజ్ పెడితే పాయింట్లు రావు కదా అని జవాబు కూడా ఇవ్వలేదు. ఆ నెలలో నా ర్యాంక్ పెరిగింది. ఆట మీద ఇష్టం తగ్గింది. మళ్లీ వాడితో కూర్చున్నాకే ఆ ఇష్టం తిరిగి వచ్చింది.

ఆన్‌లైన్‌లో ఆడేవాళ్లు వైఫై కాకుండా కేబుల్ పెట్టుకోండి. ఆట ఆగి ఆగి నడిస్తే సరదాకి ఆడేవాళ్లకీ గెలవడానికి ఆడేవాళ్లకీ ఒకేలా చికాకు.

టోర్నమెంటుకి వెళ్తే, ఎక్కువ చోట్ల రెండుసార్లు ఓడేదాకా ఉండనిస్తారు. మొదటిసారి వెళ్లినవాళ్లలో చాలామంది రెండూ ఓడి బయటికి వస్తారు. అప్పుడు సంచి సర్దుకోకండి. పక్కన పోటీతో పనిలేకుండా ఆడుకునే టీవీలూ కుర్చీలూ ఉంటాయి, అక్కడ ఆడే ఆటల్ని "క్యాజువల్స్" అనే పిలుస్తారు. పోటీ మ్యాచ్‌ల మధ్య ఖాళీ దొరికితే పెద్ద పెద్ద ఆటగాళ్లు కూడా అక్కడే ఉంటారు. క్యాజువల్ అంటే ఆట రానివాళ్ల మాట అనుకునేదాన్ని, ఆ కుర్చీల దగ్గర నిలబడి చూశాక ఆ అభిప్రాయం పోయింది.

మా తమ్ముడికి కెన్ అంటే ఇష్టం కాబట్టి ఎవో అనే పెద్ద ఫైటింగ్ గేమ్ టోర్నమెంట్‌లో 2004లో జరిగిన మ్యాచ్ ఒకటి చూపించాను. గేమ్ స్ట్రీట్ ఫైటర్ 3 థర్డ్ స్ట్రైక్. డైగో ఉమెహరా కెన్‌తో, జస్టిన్ వాంగ్ చున్-లీతో ఆడుతున్నారు. బ్లాక్ చేసినా పోయేంత కొద్దిగా ఉంది కెన్ ప్రాణం. చున్-లీ సూపర్ వదిలింది, అంటే వరసగా చాలా దెబ్బలు తగిలే పెద్ద దాడి. డైగో బ్లాక్ చేయలేదు, 15 దెబ్బల్నీ ఒక్కొక్కటిగా ప్యారీ చేసి (తగిలే క్షణానికే, ప్రాణం ఏమీ పోకుండా ఆపి), చివరిదాన్ని గాల్లో ఆపి, తిరిగి కొట్టి గెలిచాడు. మావాడు "కెన్!" అని అరిచాడు. నేను వీడియో వెనక్కి తిప్పి డైగో ఎప్పుడు కదిలాడో చూస్తున్నాను. ఆ టోర్నమెంట్ ఫైనల్లో డైగో కెంజీ ఒబాటా చేతిలో ఓడిపోయాడని చెబితే తమ్ముడు నమ్మలేదు, వెతికి చూసుకున్నాడు.

ఆపేటప్పుడు, చివరి గేమ్ ఇదేనని ఆడకముందే చెప్పుకోండి. ఓడినవాళ్లు ఇంకొకటి అడిగితే ఒక్కసారికి ఒప్పుకోండి, రెండోసారి వద్దు. టీవీ ఆపేలోపు ఎదుటివాళ్లు కొట్టిన మంచి దెబ్బ ఒకదాన్ని పేరు పెట్టి చెప్పండి, "బాగా ఆడావు" అని పైపైన కాదు.

మొన్న నేను చెప్పింది వాడి ఎగురుడు గురించి. ఇప్పటికీ ఎగురుతాడు, కాకపోతే నా వైపు రాడు. నా పంచ్ అందేంత దూరానికి ఒక్క అడుగు అవతల నిలబడి నిలువుగా ఎగురుతాడు. మూడు వారాలు నేర్చుకున్న చెయ్యి కదా, ఆగదు, నేను కూర్చుని హెవీ పంచ్ కొట్టేస్తాను. అది ఖాళీలోకి పోతుంది. వాడు నేలమీదికి దిగి, నేను తేరుకునేలోపు స్వీప్ చేస్తాడు.