నడుం నొప్పికి ఆపరేషనా, వ్యాయామమా? తేల్చుకునే పద్ధతి

నొప్పి నడుములోనే ఉంటోందా, పిరుదు దాటి తొడ వెనకగా, పిక్క మీదుగా పాదం దాకా లాగుతోందా? ముందు ఇది తేల్చుకోండి. వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి దిండునే డిస్కు అంటారు. జారిన డిస్కు ముక్క నరాన్ని నొక్కితే కాలు లాగుతుంది. ఆ ముక్క తీసే ఆపరేషన్ తగ్గించేది ప్రధానంగా కాలి నొప్పినే. ఒట్టి నడుం నొప్పికి రాడ్లు, స్క్రూలు వేసి ఎముకలు అతికించడం వేరే సంగతి. దాన్ని గట్టి వ్యాయామ శిక్షణతో పోల్చిన బ్రిటన్ పరిశోధన 2005లో వెలువడింది. అందులోని 349 మందిలో ఆపరేషన్ వల్ల అదనపు మేలు స్పష్టంగా కనబడలేదు.

కొన్నిటికి మాత్రం ఆగకూడదు. మూత్రం రాకపోయినా, తెలియకుండా పోతున్నా, మలద్వారం చుట్టూ స్పర్శ పోయినా, రెండు కాళ్ళూ పట్టుతప్పుతున్నా ఆ రోజే కాకినాడ జీజీహెచ్ (ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి) లాంటి పెద్దాసుపత్రికి వెళ్ళండి. మర్నాటికి వాయిదా వేస్తే పోయిన పట్టు తిరిగి రాకపోవచ్చు. సాయంత్రాలు జ్వరం, బరువు తగ్గడం, పడుకున్నా ఆగని రాత్రి నొప్పి ఉంటే వెన్ను టీబీ, క్యాన్సర్ కాదని తేలాకే వ్యాయామం.

బలం తగ్గుతోందేమో వారానికోసారి ఇంట్లోనే చూసుకోండి. మడమల మీద పది అడుగులు నడవండి. గోడ పట్టుకుని ఒంటికాలి మునివేళ్ళపై పదిసార్లు లేవండి. కాలి బొటనవేలు పైకెత్తి, ఇంట్లో ఎవరినైనా కిందికి నొక్కమనండి. ఒక కాలు రెండోదానికన్నా బలహీనంగా ఉంటే, చెప్పు జారిపోతుంటే వెంటనే వెన్ను సర్జన్‌కి చూపించాలి.

ఎమ్మారై రిపోర్టు చదివి బెంబేలెత్తకండి. ఏ నొప్పీ లేని యాభై ఏళ్ళవాళ్ళకు తీసినా సుమారు 80 శాతం మందిలో డిస్కు అరుగుదల, 60 శాతం మందిలో ఉబ్బు కనిపిస్తాయి. ఫిల్ములో కనిపించేది మీ కాలి నొప్పితో సరిపోవాలి. ఎల్4-ఎల్5 డిస్కు (నడుం నాలుగో, ఐదో పూసల మధ్యది) సాధారణంగా బొటనవేలిని పైకెత్తే నరాన్ని, ఎల్5-ఎస్1 డిస్కు (దాని కిందది) పిక్క నరాన్ని నొక్కుతాయి. ఫిల్ములో ఎడమవైపు నొక్కుడుండి మీకు కుడికాలు లాగుతుంటే, ఆపరేషన్‌కి ఒప్పుకోకుండా ఇంకో డాక్టరుకి చూపించండి.

ప్రమాద లక్షణాలేవీ లేకపోతే ఆరు నుంచి పన్నెండు వారాలు వ్యాయామానికివ్వండి. మంచం రెండు రోజులకు మించొద్దు. కాలవ గట్టు మీద చదునైన చోట పది నిమిషాల చొప్పున రోజుకు మూడుసార్లు నడవండి, మెల్లగా ఒక్కో విడత అరగంటకు పెంచండి. చేతులు, మోకాళ్ళ మీద నిలబడి కుడి చేయీ ఎడమ కాలూ, తర్వాత ఎడమ చేయీ కుడి కాలూ చాపడం, వెల్లకిలా పడుకుని పిరుదులెత్తడం రోజూ చేయండి. ఒక్కోటి పది సెకన్లు ఆపి, ఐదారుసార్లు చాలు. చేసేటప్పుడు పాదంలో నొప్పి వెనక్కి తగ్గి నడుంకి చేరితే, నడుం కాస్త ఎక్కువ నొప్పెట్టినా అది మంచి గుర్తే. నొప్పి ఇంకా కిందికి దిగితే ఆ కదలిక మానేయండి.

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. పది రోజులు కరెంటు పెట్టించుకుని, కాపడం పెట్టించుకుని ‘ఫిజియోథెరపీ చేశాం, తగ్గలేదు’ అంటారు. అది లెక్కలోకి రాదు. ఇంకొందరు మూడో వారానికి నొప్పి తగ్గగానే 75 కిలోల ధాన్యం బస్తా భుజానికెత్తుకుంటారు. బరువు ఐదు కిలోలతో మొదలై వారం వారం పెరగాలి. నాట్లలో వంగే ఆడవాళ్ళు ఇరవై నిమిషాలకోసారి నిటారుగా నిలబడి, నడుం మీద చేతులు పెట్టి వెనక్కి వంగాలి.

ఇంత చేసినా కాలి నొప్పి నిద్రపోనివ్వకపోతే, ఫిల్ము సరిపోతే ఆపరేషన్ సబబైన నిర్ణయం. కాలి నొప్పి త్వరగా తగ్గుతుంది. కానీ 2007లో వెలువడిన నెదర్లాండ్స్ పరిశోధనలో ముందే కోయించుకున్నవాళ్ళూ, ఆగి చూసినవాళ్ళూ ఏడాదికి దాదాపు ఒకేచోటికి వచ్చారు. ఆగినవాళ్ళలో పదిమందికి నలుగురు చివరికి ఆపరేషన్ చేయించుకున్నారన్నదీ నిజమే.

పెద్దవాళ్ళకు నడిస్తే రెండు కాళ్ళూ లాగి, కూర్చుంటే తగ్గుతుంటే నరాల దారి ఇరుకైందేమో చూపించండి. వాళ్ళ విషయంలో నిర్ణయానికి కొలత, ఆగకుండా ఎంత దూరం నడవగలరన్నదే.

సర్జన్‌ని ఇవి అడగండి: ఏ డిస్కు, ముక్క తీయడమేనా, రాడ్లు కూడానా, రాడ్లయితే వెన్నుపూస జారిందా? షుగరు అదుపులో ఉండాలి, రాడ్లు వేస్తే పొగ మానకపోతే ఎముక సరిగా అతకదు. ముక్క తీయించుకున్నా బరువు పనికి రెండు మూడు నెలలు పట్టొచ్చు. సార్వా (ఖరీఫ్) నాట్లకు నెల ముందు చేయించుకుని చేలో దిగుదామనుకుంటే కుదరదు.