అడిగాక ఆగండి

దేవరకొండ వైపు ఒక భవిత కేంద్రంలో, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లల కేంద్రంలో, పాఠాలు చెబుతాను. మేధో వైకల్యం ఉన్న తొమ్మిదో తరగతి అబ్బాయిని "నీ పేరేమిటి నాన్నా?" అని అడిగితే వాళ్ళమ్మే జవాబు చెప్పేది. ఆమెను తప్పుపట్టలేను. పద్నాలుగేళ్లుగా ఆమే వాడి నోరు. స్వయంనిర్ణయం నేర్పడం నేను అక్కడే మొదలుపెట్టాను.

ప్రశ్న అడిగాక మనసులో ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టుకోండి. అంతవరకూ పెదవి విప్పకండి. "పండు కావాలా?" అని అడగవద్దు, మన ముఖం చూసి అన్నిటికీ "ఊ" అనేస్తారు. బత్తాయి, జామ రెండూ ఎదురుగా పెట్టి "ఏది కావాలి?" అనండి. జామ తీసుకుని బత్తాయి వైపు చూసినా మార్చకండి. రేపు మళ్ళీ అడగండి.

తర్వాత బజారు. బస్టాండు దగ్గర బజ్జీల బండి ముందు వాడు ఇరవై రూపాయల నోటు చాచి నిలబడ్డాడు. బండాయన నన్ను చూశాడు. నేను బస్సు బోర్డు చదువుతున్నట్టు నిలబడ్డాను. తొమ్మిది లెక్కపెట్టేసరికి, "మిర్చి... రెండు" అన్నాడు. ఆ మాట కోసం మూడు వారాలు తరగతిలో ఉత్తుత్తి అంగడి నడిపాం.

"వద్దు" అనడం కూడా నేర్పండి. ఎవరైనా బుగ్గ గిల్లబోతే చెయ్యి అడ్డుపెట్టి "వద్దు" అనాలి. అలా అన్నప్పుడు ఇంట్లోవాళ్ళు కసురుకోకూడదు. పెద్దవాళ్ళకు ఎదురు చెప్పని పిల్లే మంచి పిల్ల అనుకుంటాం. ఈ పిల్లల విషయంలో అది ప్రమాదం.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం పీఠికలో మొదటి సూత్రంలోనే సొంత నిర్ణయాలు తీసుకునే స్వేచ్ఛ ఉంది. కాబట్టి వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్‌లో ఏముందో పిల్లలకు చదివి చెప్పండి. పదో తరగతి పరీక్షకు జవాబులు రాసిపెట్టే సహాయకుడు, అదనపు సమయం కావాలని హెడ్మాస్టరును వాళ్ళే అడగాలి.

చదువు ప్రణాళిక సమావేశంలో పిల్లవాడికీ కుర్చీ వేయండి. మావాడి ముందు రకరకాల పనుల బొమ్మలున్న కార్డులు పరిచాం. తండ్రి కుట్టుమిషన్ అన్నాడు. వాడు సైకిల్ షాపు కార్డు తీసి ఆయన చేతిలో పెట్టాడు. నాలుగు శనివారాలు షాపుకు పంపుదామని ఒప్పించాను. అయిదో వారం కార్డులు మళ్ళీ పరచాలి. వాడు ఈసారి వేరే కార్డు తీస్తే, అదీ ఒప్పుకోవాలి.