బ్రాకెట్ కొడితే ‘డ’ పడుతోందా? కీబోర్డు లేఔట్ తంటాలు

పాలకొల్లులో చిన్న డీటీపీ షాపు నాది. పరీక్షలొస్తే లెక్కల మాస్టార్లు చేతిరాత పేపర్లు పట్టుకుని దిగిపోతారు, అందులో ≤, ∈, √ అన్నీ ఉంటాయి, పైగా సాయంత్రానికల్లా కావాలంటారు. ప్రతి సింబల్‌కీ ఇన్సర్ట్ మెనూ వెతకలేక సొంత లేఔట్ (ఏ మీట నొక్కితే ఏది పడాలో చెప్పే అమరిక) చేసుకున్నాను. అప్పటి నుంచి నేను పడ్డవీ, నా దగ్గరికి వచ్చినవీ ఇవి.

[ కొడితే డ, ; కొడితే చ వస్తోంది
కీబోర్డు పాడవలేదండి. తెలుగు కొట్టే ఇన్‌స్క్రిప్ట్ లేఔట్ ఆన్‌లో ఉంది, అందులో ఆ మీటల మీద ఉండేవి ఆ అక్షరాలే. విండోస్ మీట, స్పేస్ కలిపి నొక్కి ఇంగ్లీషుకి మారండి. రాజోలు వైపు బీటెక్ కుర్రాడొకడు ఇది తెలీక కొత్త కీబోర్డు కొనేశాడు. అదీ డ నే కొట్టింది.

కొటేషన్ నొక్కినా ఏమీ పడటం లేదు
మీరు యూఎస్ ఇంటర్నేషనల్ లేఔట్‌లో ఉన్నారు. అందులో కొటేషన్ డెడ్ కీ, అంటే తర్వాతి అక్షరం కోసం ఆగుతుంది, మీరు a కొడితే నెత్తిన గీతతో á పడుతుంది. అప్పటికి స్పేస్ కొడితే కొటేషన్ వస్తుంది గానీ, ప్రోగ్రాములు రాసేవాళ్లు ఆ లేఔట్‌ని తీసేయడమే మంచిది.

రైట్ ఆల్ట్‌తో సింబల్ రావడం లేదు
ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే. మామూలు యూఎస్ లేఔట్‌లో రైట్ ఆల్ట్ కూడా ఉత్త ఆల్టే, అందుకే దాంతో 4 నొక్కితే ₹ రాదు, ఇంగ్లీష్ ఇండియా లేఔట్ పెట్టుకుంటే వస్తుంది. ≤, λ లాంటివి కావాలంటే మైక్రోసాఫ్ట్ కీబోర్డ్ లేఔట్ క్రియేటర్‌లో యూఎస్ లేఔట్ తెరిచి, ఎడమ పక్కన కంట్రోల్, ఆల్ట్ కలిపి ఉన్న గడిలో టిక్ పెట్టి, ఒక్కో మీట మీదా కావలసింది పెట్టుకోవాలి. తర్వాత ఏదైనా మార్చితే పాతదాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేసి కొత్తది ఎక్కించి, లాగౌట్ అయి రండి. ఈ లాగౌట్ మర్చిపోయి నేనొక పూటంతా జుట్టు పీక్కున్నాను.

ఇంకో మెలిక ఉంది. ఇలాంటి లేఔట్‌లో విండోస్ లెక్కకి రైట్ ఆల్ట్ అంటే కంట్రోల్+ఆల్టే. మీరు λ ని ఎల్ మీట మీద పెట్టుకుని ఉండి, మీ ఎడిటర్లో (కోడ్ రాసే సాఫ్ట్‌వేర్‌లో) కంట్రోల్+ఆల్ట్+ఎల్ కోడ్ సర్దే షార్ట్‌కట్ అయితే, λ పడాల్సిన చోట ఫైలంతా సర్దేసి కూర్చుంటుంది. ఎడిటర్లో ఆ షార్ట్‌కట్ మార్చేయండి, లేదా λ ని వేరే మీటకి పంపండి.

లైనక్స్ వాళ్లకి ఇంత గొడవ లేదు, సెట్టింగ్స్‌లో కంపోజ్ కీ పెట్టుకుంటే చాలు: కంపోజ్ నొక్కి వదిలి < తర్వాత = కొడితే ≤, 8 రెండుసార్లు కొడితే ∞.

డబ్బా గానీ ప్రశ్నార్థకం గానీ కనబడుతోంది
డబ్బా అయితే ఫాంటులో ఆ సింబల్ లేదని, డెజావు సాన్స్ పెట్టి చూడండి. సేవ్ చేసి మళ్లీ తెరిస్తే ? అయిందంటే ఫైలు ఆన్సీలో, అంటే ఇలాంటి సింబల్స్ పట్టని పాత పద్ధతిలో, సేవ్ అయింది. సింబల్ పోయినట్టే, మళ్లీ కొట్టి యూటీఎఫ్-8లో సేవ్ చేయాలి.

అంతా బాగానే ఉంది, పైథాన్ ఒప్పుకోవడం లేదు
పైథాన్ ప్రోగ్రాములోకి పీడీఎఫ్ నుంచి కాపీ కొట్టారా? లెక్కల మైనస్ − వేరు, కీబోర్డు మీద సున్నా పక్కనుండే - వేరు. కంటికి ఒకటే, పైథాన్‌కి కాదు. ఎర్రర్లో 2212 అని కనబడితే ఆ గీత చెరిపేసి చేత్తో కొట్టండి.