చలికాలంలో కాన్సస్ సిటీ లూప్ ఎక్కేముందు

నవంబర్ దాటిందంటే అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో ఉన్న మన కాన్సస్ సిటీలో రోడ్డు ఏ రాత్రి ఎలా ఉంటుందో చెప్పలేం. దగ్గర్లోని యూనివర్సిటీ ఊరు వారెన్స్‌బర్గ్‌లో చదువుకుంటూ శనాదివారాలు సిటీకి వచ్చే మన పిల్లలు, కాన్సస్ రాష్ట్రం వైపు శివారు ఓవర్‌ల్యాండ్ పార్క్‌లో కొత్తగా కాపురం పెట్టినవాళ్లు డౌన్‌టౌన్ లూప్ గురించి ముందే తెలుసుకోవాలని ఇది రాస్తున్నాను.

మిస్సోరీ నది ఒడ్డున ఉన్న డౌన్‌టౌన్‌కు నాలుగు వైపులా ఫ్రీవేలే. ఉత్తరాన ఐ-70, ఐ-35 ఇంటర్‌స్టేట్ హైవేలు కలిసి నడుస్తాయి. తూర్పున ఐ-70, దక్షిణాన ఐ-670, పడమర ఐ-35. పేరుకు లూప్ కానీ ఒకే రోడ్డు చుట్టూ తిరగదు, మూలమూలకీ ఎటో ఒకవైపు చీలాలి. పైగా ఎగ్జిట్లన్నిటికీ నంబర్ 2. పక్కన ఏ నుంచి వై వరకు దాదాపు అన్ని అక్షరాలూ ఉన్నాయి. అందుకే దీన్ని ఆల్ఫాబెట్ లూప్ అంటారు. ఫోన్‌లో మ్యాప్ "టూ డీ" అన్నా, "టూ ఈ" అన్నా, "టూ జీ" అన్నా హీటర్ హోరులో ఒకేలా వినిపిస్తాయి. అక్షరాన్ని నమ్ముకోకండి. ఏ రోడ్డు, ఏ దిక్కు అన్నది ఇంట్లోనే చూసుకుని బయల్దేరండి. 35 సౌత్ అనుకుంటే బోర్డు మీద అదొక్కటే వెతకండి.

నా మొదటి చలికాలంలో నేనా పని చేయలేదు. రాత్రి తొమ్మిదైంది, రోడ్డు తడిగా మెరుస్తోంది అంతే. నేను కుడి లేన్‌లో ఉన్నాను, ఎక్కాల్సిన ర్యాంపు ఎడమవైపు. ఆఖరి నిమిషంలో స్టీరింగ్ ఒక్కసారిగా తిప్పాను. ముందు చక్రాలు తిరిగాయి, బండి మాత్రం నేరుగా జారుతూ పోయింది. తర్వాత వెనక భాగం పక్కకు లాగేసింది. పక్క అద్దంలోంచి ట్రక్కు లైట్లు ముఖాన పడ్డాయి. కాంక్రీటు గోడకు జానెడు దూరంలో బండి ఆగింది. చేతుల వణుకు తగ్గడానికి చాలాసేపు పట్టింది.

నేను తడి అనుకున్నది బ్లాక్ ఐస్, అంటే కంటికి ఆనని పల్చని మంచుగడ్డ పొర. వంతెనలకు, ఎత్తు మీద ఉండే ర్యాంపులకు కిందనుంచీ చల్లగాలి తగులుతుంది కాబట్టి, మామూలు రోడ్డు ఇంకా తడిగా ఉండగానే అవి గడ్డకట్టేస్తాయి. నది దాటి లూప్‌లోకి వచ్చే దారుల్లో ఇవే ఎక్కువ. ఉప్పు చల్లారు కదా అని ధైర్యపడొద్దు, 15 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే చలి ముదిరితే మామూలు ఉప్పు పెద్దగా పనిచేయదు. ర్యాంపు మలుపులోకి వెళ్లాక కాదు, వెళ్లకముందే వేగం తగ్గించండి. మలుపులో బ్రేకు జోలికి పోకండి. జారితే యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేసి, వెళ్లాల్సిన వైపే చూస్తూ స్టీరింగ్ మెల్లగా తిప్పండి. క్రూజ్ కంట్రోల్ వద్దు.

ఎగ్జిట్ తప్పిందా, తప్పనివ్వండి. మహా అయితే నది దాటి అవతలికో, పడమర కాన్సస్ రాష్ట్రంలోకో పోతారు. తర్వాతి ఎగ్జిట్‌లో దిగి వెనక్కి రావడానికి పది నిమిషాలు. రోడ్డు అంచున షోల్డర్ మీద ఆపి రివర్స్ చేసేవాళ్లను చూశాను, దయచేసి ఆ పని మాత్రం చేయకండి.

మిస్సోరీలో వైపర్లు వేస్తే హెడ్‌లైట్లు వేయాలన్నది చట్టం. డ్రైవ్ చేస్తూ ఫోన్ చేతిలో పట్టుకున్నందుకు 2025 జనవరి నుంచి జరిమానా టికెట్లు కూడా ఇస్తున్నారు. ఐ-670 మీద పార్కు కడుతున్నారు, దానివల్ల లేన్లు మూసే వేళలు మారుతుంటాయి. బయల్దేరేముందు ఇక్కడి ఫ్రీవేల ట్రాఫిక్ చూపించే కేసీ స్కౌట్ కెమెరాలు ఒకసారి చూసుకోండి. బండి ఆగిపోతే బెల్టు తీయకుండా లోపలే కూర్చుని, హజార్డ్ లైట్లు వేసి, ఫోన్‌లో స్టార్ 55 (*55) నొక్కితే మిస్సోరీ హైవే పట్రోల్‌కు కాల్ వెళ్తుంది. ప్రాణాపాయమైతే 911.

అసలు డౌన్‌టౌన్‌లోనే పని ఉంటే యూనియన్ స్టేషన్ దగ్గర బండి పెట్టి స్ట్రీట్‌కార్ ఎక్కండి, టికెట్ లేదు. ఎయిర్‌పోర్ట్ నుంచి ఓవర్‌ల్యాండ్ పార్క్ వచ్చేవాళ్లకు లూప్‌తో పనే లేదు. ఐ-29 మీద వచ్చి ఐ-635 పట్టుకుంటే నది దాటించి నేరుగా ఐ-35లో కలుపుతుంది. డిసెంబర్‌లో ఇండియా నుంచి అమ్మానాన్నలు దిగుతుంటే ఆ దారినే తీసుకురండి. వాళ్ల కోసం కొన్న జాకెట్లు, ఒక దుప్పటి డిక్కీలో కాకుండా వెనక సీట్లో పెట్టుకోండి. దారిలో ఆగాల్సి వస్తే చలిలో దిగి డిక్కీ తెరవాల్సిన పని ఉండదు.